ఫీల్డ్ కత్తి: ఏది కొనాలి, ఎట్లా నూరాలి, ఎట్లా కాపాడుకోవాలి

“అన్నా, ఆర్మీకి సెలెక్ట్ అయిన. ఏ కత్తి కొనుక్కొని పోవాలె?” హనుమకొండలో పొద్దున్నే రన్నింగ్‌కు వచ్చే పిల్లల్లో నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతారు. ఫోన్ తీసి ఫొటో కూడా చూపిస్తారు. నల్ల అలుగు (కోసే రేకు), వెన్ను మీద రంపం పళ్లు, బోలు పిడి, పిడి చివర దిక్సూచి. చూస్తే సినిమా హీరో నడుముకు ఉండాల్సినట్టు ఉంటుంది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొస్తోంది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నా.

ముందు చిన్న జవాబు: ట్రైనింగ్‌కు ఏ కత్తీ తీసుకుపోవద్దు. సెంటర్‌లో పెట్టె తెరిపించి చూస్తారు, కత్తి కనబడితే తీసి పక్కన పెడతారు, మొదటి రోజే ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ కళ్లలో పడతారు, ఆ తర్వాత ఫెటీగ్ పని (ఊడ్చడం, మోయడం లాంటి చాకిరీ) వచ్చిన ప్రతిసారీ ఆయనకు మీ పేరే గుర్తొస్తుంది. కత్తి సంగతి యూనిట్‌కు పోయాక చూసుకోవచ్చు, అది కూడా సీనియర్‌ను అడిగి. అప్పటిదాకా ఇంట్లో ఉన్న కూరగాయల కత్తి మీద నూరడం నేర్చుకోండి. పదిహేడేళ్ల సర్వీసులో మంచి కత్తి కొన్నవాళ్లను చాలామందిని చూశాను. దాన్ని నూరడం వచ్చినవాళ్లను మాత్రం ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఫీల్డులో కత్తితో చేసే పనేంటి

తాడు కోయడం. సగం పని ఇదే. తర్వాత టెంటు మేకులు చెక్కడం, కనబడకుండా దాచే నెట్ మీద కప్పడానికి కొమ్మలు కొట్టడం, రేషన్ ప్యాకెట్లు చింపడం, తడిసిన కట్టెను చీల్చి లోపలి పొడి చెక్కను బయటికి తీసి పొయ్యి రాజేయడం, బూటు అడుగున పట్టిన బంకమట్టి గీకడం, లంగర్‌లో, అంటే మా వంటశాలలో, ఉల్లిగడ్డ కోయడం. శత్రువు మీద దూకే సీను కోసం కొన్న కత్తి చివరికి ఉల్లిగడ్డ దగ్గరికే వస్తుంది, అక్కడ కూడా సరిగ్గా తెగదు.

సైన్యాలకు ఈ విషయం ఎప్పుడో తెలుసు. 1891లో స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన సిపాయిల కోసం చాకులు అందించడం మొదలుపెట్టాడు. వాళ్లు కోరింది ఒక అలుగు, డబ్బా తెరిచే పరికరం, కొత్తగా వచ్చిన రైఫిల్ విప్పడానికి స్క్రూడ్రైవర్, రంధ్రాలు పొడవడానికి ఒక మొన. రష్యావాళ్లు ఏకేఎం రైఫిల్‌కు బేనెట్ (తుపాకీ మొనకు తగిలించే కత్తి) చేసినప్పుడు దాని అలుగులో ఒక రంధ్రం పెట్టి, ఒరకు ఒక బొడిపె పెట్టారు. రెండూ తగిలిస్తే ముళ్లతీగ కోసే కత్తెర అవుతుంది. గూర్ఖాల ఖుక్రీని అందరూ చూస్తారు కానీ దాని ఒరను ఎవరూ చూడరు. ఆ ఒర వెనక చిన్నవి ఇంకో రెండు ఉంటాయి. కర్దా అనే బుల్లి చాకు చిల్లర పనులకు, చక్‌మక్ అనే మొద్దు ఇనుము పెద్ద అలుగు అంచును సరిచేయడానికి. అంత పెద్ద కత్తి మోసేవాళ్లు కూడా దాని పక్కనే పదును సామాను మోస్తున్నారు, మనం మాత్రం ఫొటోలో కనబడే కత్తినే అడుగుతాం.

కావలసినవి

- 4 అంగుళాల అలుగున్న మామూలు కత్తి ఒకటి.
- రెండు వైపులా వాడే సానరాయి, ఒకవైపు గరుకు, ఒకవైపు నున్న. ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా కార్బొరండం రాయి అని ఇస్తారు. 6 అంగుళాలది చాలు, 8 అయితే చెయ్యి తిరగడం సులువు.
- పాత తోలు బెల్టు. రెక్సిన్ కాదు, నిజం తోలు.
- నల్ల మార్కర్ పెన్ను, తడిగుడ్డ, పాత న్యూస్‌పేపర్.
- చిన్న సీసాలో మిషన్ నూనె.

రాయి దొరక్కపోతే పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 400 నంబరుది ఒకటి, 1000 నంబరుది ఒకటి తెచ్చి గాజు పలక మీద నీళ్లతో అతికించి వాడండి. దాని మీద మాత్రం అంచును వెనక్కి లాగుతూనే నూరాలి, ముందుకు తోస్తే పేపరు చీరిపోతుంది. ఫీల్డులో అదీ లేకపోతే పింగాణీ కప్పును బోర్లించండి, అడుగున మెరుపు లేని గరుకు వలయం ఉంటుంది కదా, దాని మీద నాలుగు సార్లు తిప్పినా పని నడుస్తుంది.

1. కత్తి ఎంచుకోవడం

అలుగు ఉక్కు పిడి చివరిదాకా ఒకే ముక్కగా పోవాలి. బోలు పిడి కత్తి వద్దు. నాతో పనిచేసిన ఒక కుర్రాడు అలాంటిది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు, మూడోసారి వెదురు బొంగు చీల్చేటప్పుడు పిడి చేతిలో ఉంది, అలుగు ఎగిరి పక్కవాడి బూటు ముందు పడింది. వెన్ను మీది రంపంతో కూడా ఏదీ కోయలేరు, పైగా వెన్ను మీద బొటనవేలు ఆనించి చెక్కే వీలు పోతుంది.

స్టెయిన్‌లెస్ అయితే తుప్పు టెన్షన్ తక్కువ. కార్బన్ స్టీలు అయితే నూరడం సులువు, కానీ ఒక్క రాత్రి వానకు ఎర్రబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నా ఓటు కార్బన్‌కే, ఎందుకంటే అది మీతో పని చేయించి నేర్పిస్తుంది.

ఊళ్లో మంచి కమ్మరి ఉంటే లారీ కమాన్ పట్టీతో చేయించుకోండి. తుమ్మ కర్ర పిడి వేయిస్తే చెమట చేతిలో కూడా జారదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయింది, అక్కడ కత్తులైంది. అలాంటి నేల మీద పుట్టి రబ్బరు పిడి చైనా కత్తికి డబ్బులు పోయడం నాకైతే నచ్చదు, అది నా పిచ్చి అనుకోండి. అయితే కమ్మరి దగ్గర కూడా ఒక పరీక్ష తప్పదు. పాత ఆకురాయిని కత్తి అంచు మీద మెల్లగా రుద్దండి. జర్రున జారిపోతే ఉక్కు గట్టిపడింది. మెత్తటి ఇనుములో దిగినట్టు దిగి పొడి రాలిందంటే సరిగ్గా కాల్చి ముంచలేదు, మళ్లీ కొలిమిలో పెట్టమనండి. సిగ్గుపడొద్దు, మంచి కమ్మరి ఈ పరీక్షకు కోప్పడడు.

2. ఎంత మొద్దుబారిందో చూడటం

ట్యూబ్‌లైట్ కింద అంచు పైకి ఉండేలా కత్తిని నిలబెట్టి అంచును చూడండి. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, అది కనబడదు కూడా. ఎక్కడ సన్నని తెల్ల గీత మెరిసిందో అక్కడ మొద్దు. చుక్కలా మెరిస్తే అక్కడ చిన్న ముక్క ఎగిరిపోయింది. అవి మార్కర్‌తో వెన్ను వైపు గుర్తు పెట్టుకోండి. అంచు అంతా బాగుండి పదును కొద్దిగా తగ్గితే రాయి జోలికి పోవద్దు, నేరుగా 7కు పోయి తోలు మీద పట్టండి.

3. రాయిని కదలకుండా పెట్టడం

తడిగుడ్డ పరిచి దాని మీద గరుకు వైపు పైకి ఉండేలా రాయి పెట్టండి. చేతిలో రాయి పట్టుకొని ఇంకో చేత్తో నూరడం మా తాతల నుంచీ చూస్తున్నాం, కొడవలికి అది నడుస్తుంది. చిన్న కత్తికి కోణం నిలవదు, పైగా ఎడమచేతి వేళ్లు అంచుకు ఎదురుగా ఉంటాయి. రాయి మీద నీళ్లయినా నూనె అయినా పోయండి, కానీ ఒకసారి నూనె పట్టిన రాయి మళ్లీ నీళ్లను పట్టదు, ఏదో ఒకదానికే కట్టుబడండి.

4. కోణం

అందరూ తప్పేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ఫీల్డ్ కత్తికి ఒక్కో వైపు దాదాపు 20 డిగ్రీలు ఉండాలి. డిగ్రీలు కొలిచే సామాను ఎవరి దగ్గరా ఉండదు, లెక్క మాత్రం సులువు. అంచు నుంచి వెన్ను దాకా అలుగు వెడల్పు ఎంతో చూసి, అందులో మూడో వంతు ఎత్తుకు వెన్నును రాయి మీది నుంచి లేపండి. అలుగు 3 సెంటీమీటర్లు ఉంటే 1 సెంటీమీటర్ ఎత్తు, అంటే వెన్ను కింద మీ చిటికెన వేలు కొస దూరేంత. చేతికి అంతుపట్టకపోతే చదరపు కాగితం మూలను సగానికి మడవండి, 45 డిగ్రీలు. ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర. ఆ మడతను రాయి పక్కన నిలబెట్టి చూస్తూ నూరండి.

ఇప్పుడు మార్కర్‌తో అంచు పొడవునా రెండు వైపులా నల్లగా పూసి రెండే రెండు సార్లు రాయి మీద నడిపి చూడండి. నలుపు అంచు దాకా పోతే కోణం సరిపోయింది. అంచు దగ్గర నలుపు అలాగే ఉండి పైన మాత్రం పోయిందంటే వెన్ను మరీ కిందికి ఉంది, కొంచెం లేపండి. చివరి అంచు దగ్గర మాత్రమే పోయిందంటే మరీ లేపారు, దించండి. ఈ ఒక్క ఉపాయం నాకు సర్వీసులో చేరిన ఆరేళ్లకు తెలిసింది, అప్పటిదాకా కండబలంతో నూరాను.

స్వీడన్‌లోని మోరా కత్తుల్లాంటివి ఉంటే కోణం బాధే లేదు. అలుగు పక్కన వెడల్పుగా ఒక చదును ఉంటుంది, దాన్ని పూర్తిగా రాయికి ఆనించి నూరడమే.

5. ఒకవైపు మాత్రమే, మడత వచ్చేదాకా

పిడి దగ్గరి అంచును రాయికి మీ వైపు కొసన పెట్టి, పలుచని పొర తీస్తున్నట్టు ముందుకు తోస్తూ మొన దాకా తీసుకుపోండి. మొన దగ్గర అలుగు వంపు తిరుగుతుంది కదా, అక్కడ పిడిని కొద్దిగా పైకి లేపాలి, లేకపోతే మొన ఎప్పటికీ మొద్దుగానే ఉంటుంది. బరువు ఎక్కువ పెట్టొద్దు, పళ్లెంలోని పెరుగు వేలితో తీసినంత ఒత్తిడి చాలు.

ఎన్నిసార్లు అని అడగొద్దు. పది కావచ్చు, వంద కావచ్చు. రెండో వైపు అంచు మీద సన్నని గరుకు మడత లేచేదాకా. ఐటీఐ చేసినవాళ్లకు తెలుసు, బర్ అంటారు. కంటికి కనబడదు. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపు అడ్డంగా జార్చి చూడండి, చివర్లో గోరుకు తట్టుకున్నట్టు తగులుతుంది. అంచు వెంట పొడవునా వేలు ఎప్పుడూ నడపొద్దు. ఆ మడత పిడి నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి. ఒకచోట లేకపోతే ఆ చోట మీరు ఇంకా అంచును చేరలేదన్నమాట.

నూటికి తొంభై మంది మడత రాకముందే రెండో వైపు తిప్పేస్తారు. గంటసేపు నూరినా తెగడం లేదని తిట్టుకునేది వీళ్లే.

6. రెండో వైపు, ఆ తర్వాత నున్న వైపు

తిప్పి, మళ్లీ అంతే. మడత ఇప్పుడు మొదటి వైపుకు వస్తుంది. తర్వాత రాయిని తిరగేసి నున్న వైపు మీద ఒక్కోవైపు పదిసార్లు, ఆపైన అటొకటి ఇటొకటి మార్చి మార్చి పదిసార్లు. పోనుపోను చేతి బరువు తగ్గించండి, చివరి నాలుగు సార్లు కత్తి తన బరువు మీద తనే నడవాలి.

7. తోలు మీద

బెల్టు ఒక కొసను మేకుకు తగిలించి గట్టిగా లాగి పట్టండి. ఇప్పుడు అంచు ముందుకు కాదు, వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. పాతకాలం మంగలి షాపుల్లో కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ ఆడించేవాళ్లు, గుర్తుందా, అదే. అటు ఇరవై, ఇటు ఇరవై. మిగిలిన మడత ఇక్కడ ఊడిపోతుంది. బెల్టు లేకపోతే జీన్స్ ప్యాంటు తొడ భాగం కత్తిరించి చెక్కకు అతికించండి. దయచేసి ఒంటి మీద ఉన్న ప్యాంటు మీద వద్దు, అలా చేసి స్టైల్ కొట్టిన ఒకాయనకు ఐదు కుట్లు పడ్డాయి.

8. పరీక్ష

న్యూస్‌పేపర్ ఒక కొసను రెండు వేళ్లతో పట్టుకొని గాలిలో వేలాడదీసి పిడి నుంచి మొన దాకా ఒకే గీతలో కోయండి. చప్పుడు లేకుండా దిగితే బాగుంది. ఎక్కడైనా పట్టుకొని చింపినట్టయితే అలుగు మీద సరిగ్గా ఆ చోటే మొద్దు ఉంది, ఆ ముక్కకే మళ్లీ 5 నుంచి చేయండి. ఆ తర్వాత టమాటా. చేత్తో నొక్కకుండా అలుగును మీద పెట్టి లాగితే తోలు తెగాలి. చివరగా అసలు పని: నైలాన్ తాడు ఒక్క లాగులో తెగాలి, పోగులు లేవకూడదు. చేతి మీది వెంట్రుకలు గీకి చూపించే పరీక్ష వీడియోలకు బాగుంటుంది, ఫీల్డులో అంత పదును అక్కర్లేదు. అంత పలుచని అంచు మొదటి తుమ్మకొమ్మకే మడత పడుతుంది.

కత్తిని పాడుచేసే పనులు

గ్రైండర్. నా మొదటి కత్తి ఇలాగే పోయింది. లీవ్‌లో వచ్చినప్పుడు టౌన్‌లో ఒక సాన షాపులో ఇచ్చాను, ఆయన రెండు నిమిషాల్లో నిప్పురవ్వలు ఎగరేసి ఇచ్చాడు, తళతళలాడుతోంది, మొన దగ్గర మాత్రం నెమలిపింఛం లాంటి నీలం రంగు. చూడ్డానికి ముచ్చటగా ఉందని మురిసిపోయాను కూడా. ఆ నీలం వచ్చిందంటే ఉక్కు 300 డిగ్రీల దాకా వేడెక్కినట్టు, అక్కడ గట్టిదనం పోయినట్టు. ఎంత నూరినా సాయంత్రానికి మొద్దే. ఆ నీలం భాగం అరిగిపోయేదాకా మామూలు రాయి మీద నూరడం తప్ప మందు లేదు. గ్రైండర్ మీద ఇవ్వక తప్పకపోతే దగ్గర నిలబడి, ప్రతి రెండు సెకన్లకూ నీళ్లలో ముంచమనండి.

తోలు ఒరలో ఉంచి నెలల తరబడి వదిలేయడం. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, వానాకాలంలో ములుగు, ఏటూరునాగారం అడవుల్లాంటి చోట రెండు రోజుల్లోనే కార్బన్ అలుగుకు మచ్చలొస్తాయి. నిల్వ పెట్టేటప్పుడు ఒర వేరే, కత్తి వేరే.

కొబ్బరినూనె. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, చలికాలం పొద్దున మన ఇంట్లో సీసా చూశారుగా. లద్దాఖ్ వైపు పోస్టింగ్ పడితే ఒరలో మైనం పోసినట్టే. పల్లీనూనె రాస్తే కొన్నాళ్లకు జిగురవుతుంది. మిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డకు పట్టించి తుడిస్తే సరిపోతుంది. నిమ్మకాయ, మామిడికాయ కోసిన తర్వాత వెంటనే కడగండి, పులుపుకు అలుగు నల్లబడుతుంది. ఆ నలుపు తుప్పు కాదు, భయపడొద్దు, ఎర్రగా ఉంటేనే భయపడాలి.

డబ్బా మూతలను మొనతో తిప్పడం. మొన విరుగుతుంది. డబ్బాకు ఓపెనర్ వేరే ఉంది.

చెయ్యి తెగకుండా వాడటం

నేను చూసిన గాయాల్లో ఎక్కువ మొద్దు కత్తులతో అయినవే. తెగదు కాబట్టి బలం పెడతాం, బలం పెట్టినప్పుడు జారుతుంది, జారినప్పుడు ఎక్కడికి పోతుందో చేతికి తెలియదు.

కత్తి తీసేముందు చెయ్యి చాచి చుట్టూ ఒకసారి తిరగండి, ఎవరికైనా తగిలితే వాళ్లు జరిగేదాకా ఆగండి. కూర్చొని చెక్కేటప్పుడు మోకాళ్ల మధ్య కాదు, తొడ పక్కకు, బయటికి చెక్కండి. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. బిగిసి ఉన్న తాడును కోసేటప్పుడు ముఖం పక్కకు పెట్టండి, అలుగు తగిలీ తగలగానే తెగి కొరడాలా వస్తుంది. వెదురు చీల్చేటప్పుడు అలుగును బొంగు కొస మీద పెట్టి, వెన్ను మీద ఇంకో కట్టెతో కొట్టండి, ఎడమ చెయ్యి చీలిక దారిలో ఉండకూడదు. చీలిన బొంగు అంచు కూడా కత్తే, దాన్ని ఒట్టి చేత్తో దూయొద్దు. కత్తి జారి పడితే పట్టుకోబోవద్దు, పడనివ్వండి. గాయపడ్డ మనిషి బట్టలు కోయాల్సి వస్తే కత్తెర వెతకండి. కత్తి తప్ప ఇంకేమీ లేకపోతే అంచును ఒంటికి దూరంగా, బట్టను పైకి లాగి కోయండి.

ప్రయాణం, చట్టం

ఇంటి పనికో వ్యవసాయానికో కాకుండా చేసిన కత్తి అలుగు 9 అంగుళాల కన్నా పొడవున్నా, 2 అంగుళాల కన్నా వెడల్పున్నా 1959 ఆయుధ చట్టం కింద ఆయుధాల లెక్కలోకి పోతుంది. మన 4 అంగుళాలది దాని దరిదాపుల్లో లేదు, అయినా నడుముకు తగిలించుకొని చౌరస్తాలో తిరిగితే పోలీసులు ఆపుతారు, ఆపాలి కూడా. బటన్ నొక్కితే తెరుచుకునే చాకులు అసలు కొనొద్దు. విమానంలో చేతి బ్యాగులో పెట్టొద్దు, చెక్-ఇన్ లగేజీలో గుడ్డ చుట్టి పెట్టండి. కాజీపేటలో రైలెక్కుతుంటే బ్యాగు అడుగున, ఒరలో, తాడు కట్టి.

ఇంకొకటి. ఇంట్లో కూరగాయల కత్తి మీద నేర్చుకోమన్నాను కదా, నూరిన రోజు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. మొద్దు కత్తికి అలవాటుపడ్డ చెయ్యి బలంగానే నొక్కుతుంది. నేను చెప్పడం మరిచిపోయాను, మా ఆవిడ బెండకాయతో పాటు వేలు కోసుకుంది, వారం రోజులు అంట్లు నేనే తోమాను.